బంగారు రేణువుల అనునాదం: లెక్కకు లొంగేది, లొంగనిది

బంగారాన్ని 20 నానోమీటర్ల గోళాలుగా చేసి నీటిలో నిలిపితే ఆ నీరు పసుపుగా కాదు, ఎర్రగా కనిపిస్తుంది. 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరున్న ఆకుపచ్చ కాంతిని ఆ కణాలు మింగేస్తాయి. మిగిలిన ఎరుపు మన కంటికి చేరుతుంది. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతి తరంగంతో పాటు ఒక్కుమ్మడిగా ఊగడమే ఇందుకు కారణం. ఆ ఊపు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర పతాకస్థాయికి చేరుతుందో అదే ప్లాస్మాన్ అనునాద స్థానం. కణం చుట్టూ ఉన్న పదార్థం మారితే ఈ స్థానం కాస్త జరుగుతుంది. నీరు తప్పుకుని అక్కడ ఒక ప్రోటీన్ పొర వచ్చి చేరిందంటే, కొన్ని నానోమీటర్ల మేర ఎరుపు వైపు వెళుతుంది. ఆ కదలికను కొలిచి, ఏదో అణువు వచ్చి అంటుకుందని, ఎంత అంటుకుందని చెప్పడమే ప్లాస్మానిక్ సెన్సర్ల పని. ఈ స్మారక ఉపన్యాసానికి నేను ఎంచుకున్న ప్రశ్న ఒక్కటే: ఆ స్థానభ్రంశం ఎంత ఉంటుందో ప్రయోగానికి ముందే చెప్పగలమా?

చెప్పగలమనే చాలామంది నమ్మకం. మాక్స్‌వెల్ సమీకరణాలున్నాయి, బంగారం కాంతి ధర్మాల పట్టికలున్నాయి, ఎంత వంకర ఆకారాన్నయినా చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంకేం కావాలి అన్నది ఆ నమ్మకం వెనకున్న తర్కం. నా వాదన వేరు. స్థానభ్రంశం అనే ఒకే అంకెలో రెండు వేర్వేరు వంతులు కలిసి ఉన్నాయి. మొదటిది లోహం వంతు: పరిసరం ఇంత మారితే అనునాదం ఎంత జరగాలి అన్నది. దీనికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం మీద నాలుగు వరుసల్లో తేలిపోతుంది. రెండోది ఉపరితలం వంతు: కణానికి ఎంత దగ్గరగా, ఎంత మందంగా, ఏ పొర మీద ఆ కొత్త అణువు కూర్చుంది అన్నది. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా ఇది లొంగదు, ఎందుకంటే లోపం లెక్కలో లేదు, లెక్కకు మనం అందించే సమాచారంలో ఉంది. అంచనా తప్పిన ప్రతిసారీ గళ్లను ఇంకా సన్నగా చేసుకుంటూ పోవడం వల్ల తప్పు తగ్గదు. ఆ శ్రమ ఉపరితలాన్ని కొలవడం మీద పెట్టాలి. ఈ మాటకు ఆధారాలు చూపించి, ఎదురయ్యే అభ్యంతరాలకు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

చరిత్ర కొంచెం అవసరం. మైకేల్ ఫారడే 1857లో రాయల్ సొసైటీ బేకేరియన్ ఉపన్యాసంలో, బంగారు లవణ ద్రావణం నుంచి ఫాస్ఫరస్ సాయంతో తయారుచేసిన కెంపు రంగు ద్రవాల గురించి చెప్పాడు. అందులో ఉన్నది బంగారమేనని, అతి సన్నగా విడిపోయి ఉందని, రంగు తేడాలు కణాల పరిమాణంలోని తేడాల వల్ల వస్తున్నాయని అతని ఊహ. ఆ కణాలను చూడగల సూక్ష్మదర్శిని అప్పటికి లేదు. ఆయన తయారుచేసిన నమూనాలు కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇంకా భద్రంగా ఉన్నాయి. ఊహకు గణితం దొరకడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో గుస్తావ్ మీ 1908లో, గోళాకారపు లోహకణం కాంతిని ఎంత శోషిస్తుందో, ఎంత పరిక్షేపిస్తుందో మాక్స్‌వెల్ సమీకరణాల నుంచి ఖచ్చితంగా రాబట్టాడు. రిచర్డ్ గాన్స్ 1912లో ఆ లెక్కను చిన్న దీర్ఘగోళాలకు విస్తరించాడు. బంగారం, వెండి, రాగి కాంతి స్థిరాంకాలను పీటర్ జాన్సన్, ఆర్. డబ్ల్యు. క్రిస్టీ 1972లో పలుచని లోహపొరల మీద కొలిచి పట్టికగా ఇచ్చారు. ఇవాళ్టికీ ఈ రంగంలో ఎక్కువమంది తెరిచేది ఆ పట్టికనే. గర్భనిర్ధారణ పట్టీ మీద, చాలా కోవిడ్ యాంటిజెన్ పట్టీల మీద కనిపించే ఎర్రగీత కూడా బంగారు నానోకణాలదే. అయితే అక్కడ రంగు జరగదు, కణాలు గీత దగ్గర పోగవుతాయి, అంతే. ఆ పరీక్షలు ఈ చర్చలోకి రావు.

లోహం వంతును ముందు చూద్దాం. కణం కాంతి తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే, గోళానికి అనునాద షరతు చాలా సరళం: లోహపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకంలోని వాస్తవ భాగం, చుట్టూ ఉన్న ద్రవపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకానికి మైనస్ 2 రెట్లు కావాలి. సాగిన కడ్డీలాంటి ఆకారమైతే ఆ 2 స్థానంలో ఇంకా పెద్ద సంఖ్య వస్తుంది. కడ్డీ ఎంత సన్నగా పొడవుగా ఉంటే అది అంత పెద్దది. ద్రవపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకం దాని వక్రీభవన గుణకపు వర్గమే. ఇప్పుడు గుణకాన్ని పిసరంత పెంచితే అనునాదం ఎంత జరుగుతుందో అవకలనం చేసి చూడండి. ఆకారాన్ని సూచించే సంఖ్య స్థానంలో లోహపు స్థిరాంకాన్నే పెట్టుకోవచ్చు గనక, తుది ఫలితంలో ఆకారం ఎక్కడా మిగలదు. మిగిలేవి మూడే: ద్రవపు వక్రీభవన గుణకం, ఆ తరంగదైర్ఘ్యం దగ్గర లోహపు స్థిరాంకం, తరంగదైర్ఘ్యంతో అది మారే వేగం. బంగారానికి ఎరుపు, దగ్గరి పరారుణ ప్రాంతాల్లో ఈ మార్పు దాదాపు సరళరేఖ. జాన్సన్, క్రిస్టీ పట్టికలో 700 నానోమీటర్ల పరిసరాల్లో వాస్తవ భాగం సుమారు మైనస్ 17, అది నానోమీటరుకు 0.07 చొప్పున తగ్గుతూ పోతుంది. ఈ అంకెలు వేస్తే నీటిలోని బంగారు కణానికి ఒక తేలిక లెక్క తయారవుతుంది: అనునాద తరంగదైర్ఘ్యం నుంచి సుమారు 470 తీసేసి, మిగిలినదాన్ని ఒకటిన్నరతో గుణించండి. వక్రీభవన గుణకం ఒక యూనిట్ మారితే ఎన్ని నానోమీటర్లు జరగాలో అదే, దాన్నే సున్నితత్వం అంటారు. 520 దగ్గర అనునదించే గోళానికి 75, 700 దగ్గర అనునదించే కడ్డీకి దాదాపు 345. ఆకారం కంటే అనునాదం ఎక్కడ ఉందన్నదే సున్నితత్వాన్ని నిర్ణయిస్తుందన్న ఈ సంగతిని మిల్లర్, లాజరిడీస్ 2005లో స్పష్టంగా చూపించారు. ఈ రంగంలో నాకు అన్నింటికంటే నచ్చిన ఫలితం ఇది, ఎందుకంటే నక్షత్రాలు, పంజరాలు, పిరమిడ్లు అంటూ ఏటా పుట్టుకొచ్చే కొత్త ఆకారాల హడావిడి మీద ఇది చల్లటి నీళ్లు చల్లుతుంది.

ఆకారానికి ప్రాధాన్యం లేదంటే ప్రయోగాలు ఒప్పుకుంటాయా అని వెంటనే అడగవచ్చు. 2008లో చెన్, వాంగ్ ప్రభృతులు రకరకాల బంగారు కణాలను నీరు, గ్లిసరాల్ మిశ్రమాల్లో ఉంచి కొలిచారు. 15 నానోమీటర్ల గోళాలకు సున్నితత్వం యూనిట్‌కు 44 నానోమీటర్లు. కొమ్మలు తొడిగిన కణాలకు 703. పదహారు రెట్ల తేడా. ఇంత తేడాకు ఆకారం కారణం కాదా? కారణమే, కానీ దొడ్డిదారిన. గోళాల అనునాదం ఆకుపచ్చలో ఉంది, కొమ్మల కణాలది దగ్గరి పరారుణంలో ఉంది. ఆకారం చేసిన పని అనునాదాన్ని అంత దూరం తీసుకెళ్లడం. అక్కడికి చేరాక సున్నితత్వం పెంచింది తరంగదైర్ఘ్యమే. ఆకారం నేరుగా శాసించేవి వేరే ఉన్నాయి: శిఖరం ఎంత సన్నగా ఉంటుంది, విద్యుత్ క్షేత్రం ఏ మూలల దగ్గర చిక్కబడుతుంది అన్నవి. మొదటిది కొలిచేవాడికి ముఖ్యం, ఎందుకంటే వెడల్పాటి శిఖరం కొంచెం జరిగినా పోల్చుకోవడం కష్టం. అందుకే సున్నితత్వాన్ని శిఖరపు వెడల్పుతో భాగించి చూసే అలవాటు వచ్చింది. రెండోది, క్షేత్రం చిక్కబడే తీరు, నా వాదనకు అసలు కీలకం.

అంతకంటే పదునైన అభ్యంతరం ఆ ప్రయోగంలోనే దాగి ఉంది. నా తేలిక లెక్క గోళానికి 75 అంటే కొలత 44 అంది. కడ్డీకి 345 అంటే ప్రయోగశాలల్లో సాధారణంగా వచ్చేవి 200, 300 మధ్య అంకెలు. మరి లోహం వంతు లెక్కకు లొంగిందని ఎలా అంటాను? గోళం విషయంలో తప్పు ఎక్కడుందో తెలుసు. 520 నానోమీటర్ల దగ్గర బంగారంలో లోపలి కక్ష్యల ఎలక్ట్రాన్లు కూడా కాంతిని శోషిస్తాయి. స్థిరాంకంలోని కల్పిత భాగం వాస్తవ భాగంతో పోటీపడేంత పెద్దది. సరళ షరతు దాన్ని పట్టించుకోదు. పట్టించుకునే గుస్తావ్ మీ సిద్ధాంతం 1908 నుంచీ మన చేతిలో ఉంది. వాడితే అంతరం చాలావరకు తగ్గుతుంది. కడ్డీ కథ వేరు. బంగారు కడ్డీలను పెంచేది సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనంలో. అది కడ్డీ చుట్టూ మూడు, నాలుగు నానోమీటర్ల జంటపొరగా పట్టుకుని ఉంటుంది. బయట నీరు తీసేసి గ్లిసరాల్ పోసినా ఆ పొర ఆక్రమించిన చోటు మారదు. క్షేత్రం అన్నింటికంటే బలంగా ఉండేది సరిగ్గా అక్కడే. అంటే ద్రవం మారిందని మనం అనుకుంటున్నాం, కణం మాత్రం ఆ మార్పులో కొంత వాటానే చూస్తోంది. లెక్కకూ కొలతకూ మధ్య మిగిలిన తేడాలో పెద్ద పాలు లోహానిది కాదు, లోహాన్ని అంటిపెట్టుకుని ఉన్నదానిది.

అసలు విషయంలోకి ఇప్పుడు వస్తున్నాం. సెన్సర్ పనిచేసేది ద్రవం మొత్తం మారినప్పుడు కాదు, పలుచని పొర ఒకటి వచ్చి అంటుకున్నప్పుడు. చలిమంట సెగ ముందు వరుసలో కూర్చున్నవాడికి తగిలినట్టు వెనక వరుసకు తగలదు; కణం చుట్టూ క్షేత్రం తీరు కూడా అంతే. జంగ్, క్యాంబెల్ తదితరులు 1998లో చదునైన బంగారు పొరల కోసం ఇచ్చిన సూత్రం ఈ సంగతిని రెండు గుణకాల్లో చెబుతుంది. ఒకటి సున్నితత్వం. రెండోది, క్షేత్రం బయటికి ఎంత దూరం వ్యాపిస్తుందో చెప్పే క్షయదూరం; పొర మందం ఆ దూరంతో పోలిస్తే ఎంత ఉందన్నదాన్నిబట్టి స్థానభ్రంశంలో ఎంత వంతు దక్కుతుందో తేలుతుంది. చదునైన పొర మీద ఆ క్షయదూరం సుమారు 200 నానోమీటర్లు. నానోకణం దగ్గర అది 5 నుంచి 15 మాత్రమేనని అమండా హేస్, రిచర్డ్ వాన్ డైన్ అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చేసిన పనిలో తేల్చారు. వాన్ డైన్ ఈ దారికి వచ్చింది రామన్ వర్ణపటాల నుంచి. గరుకైన వెండి మీద రామన్ సంకేతం అసాధారణంగా పెరగడాన్ని 1977లో గుర్తించినవాళ్లలో ఆయన ఒకరు.

ఆ సూత్రంలో అంకెలు పెట్టి చూస్తే రెండు వింతలు బయటపడతాయి. ప్రోటీన్ పొర మందం 5 నానోమీటర్లు, నీటికంటే దాని వక్రీభవన గుణకం 0.12 ఎక్కువ అనుకుందాం. సున్నితత్వం 3000, క్షయదూరం 200 ఉన్న చదునైన పొర మీద స్థానభ్రంశం సుమారు 18 నానోమీటర్లు వస్తుంది. సున్నితత్వం 200 మాత్రమే, క్షయదూరం 10 ఉన్న నానోకణం మీద 15 వస్తుంది. పదిహేను రెట్లు ఎక్కువ అని చెప్పుకున్న సున్నితత్వం ప్రోటీన్ ముందు దాదాపు సమానమైపోయింది. అంతేకాదు, నీటి వక్రీభవన గుణకం ఒక డిగ్రీ వేడికి పదివేలలో ఒక వంతు మారుతుంది. దానికి చదునైన పొర 0.3 నానోమీటర్లు ఊగితే కణం 0.02 మాత్రమే ఊగుతుంది. ప్రకటనల్లో కనిపించే సున్నితత్వం అంకె ఒక్కదాన్నే చూసి సెన్సర్ బాగోగులు తేల్చకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

రెండో వింత నా వాదనకు ప్రాణం. సున్నితత్వం 200 ఉన్న రెండు రకాల కణాలను తీసుకోండి. ఒకదాని క్షయదూరం 5, ఇంకోదానిది 15. శుభ్రమైన బంగారం మీద ప్రోటీన్ నేరుగా కూర్చుంటే మొదటిది 21 నానోమీటర్లు జరుగుతుంది, రెండోది 12. మొదటిదే మెరుగని ఎవరైనా అంటారు. కానీ ప్రోటీన్ శుభ్రమైన బంగారం మీద ఎప్పుడూ కూర్చోదు. కింద సీటాబ్ పొరో, యాంటీబాడీని పట్టి ఉంచే లింకర్ పొరో ఉంటుంది. ఆ అడుగుపొర 4 నానోమీటర్లు ఉందనుకుంటే మొదటి కణం స్థానభ్రంశం 4కు పడిపోతుంది, రెండోదానిది 7 దగ్గర నిలుస్తుంది. వరుస తలకిందులైంది. లోహం అదే, ఆకారం అదే, సున్నితత్వం అదే. నాలుగు నానోమీటర్ల సేంద్రియ పదార్థం గెలుపోటములను మార్చేసింది. ఇప్పుడు ఆ అడుగుపొర మందం మూడా, అయిదా అన్నది ఏ సిమ్యులేషన్ చెబుతుంది? చెప్పదు. అది రసాయన శాస్త్రవేత్త కడిగిన తీరును బట్టి, ద్రావణంలో ఉప్పును బట్టి, ఎన్నాళ్లు నిల్వ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

క్షయదూరం అన్న భావనే మోటుది, నానోకణం చుట్టూ క్షేత్రం ఘాతీయంగా తగ్గదు కదా అని సిద్ధాంతజ్ఞులు అభ్యంతరం చెబుతారు. న్యాయమైన మాటే. చిన్న గోళం చుట్టూ క్షేత్రం ద్విధ్రువానిది. కేంద్రం నుంచి దూరం పెరిగేకొద్దీ క్షేత్ర తీవ్రత దూరపు ఆరో ఘాతంతో పడిపోతుంది. సూత్రాన్ని పక్కనపెట్టి ఆ క్షేత్రంతోనే లెక్కవేద్దాం. కొత్త పదార్థం చొరబడిన చోట క్షేత్ర తీవ్రతను కూడి, మొత్తంతో భాగిస్తే దక్కే వంతు తెలుస్తుంది. కుహర అనునాదకాల కోసం స్లేటర్ కాలం నుంచి వాడుతున్న పద్ధతి ఇది. నష్టం ఎక్కువగా ఉండే ప్లాస్మానిక్ అనునాదాలకు దాన్ని సరిగ్గా ఎలా వర్తింపజేయాలో యాంగ్, గీసెన్, లలాన్ 2015లో చూపించారు. 10 నానోమీటర్ల వ్యాసార్థమున్న గోళం మీద 5 నానోమీటర్ల పొరకు 70 శాతం దక్కుతుంది. 20 వ్యాసార్థమున్న గోళం మీద 49 శాతం. కింద 4 నానోమీటర్ల అడుగుపొర పెడితే చిన్న గోళం వాటా 22కు, పెద్ద గోళం వాటా 25కు వస్తాయి. ఇక్కడా వరుస తలకిందులైంది. సూత్రం మోటుదైనా, సూక్ష్మమైనా తీర్పు మారలేదు. సూక్ష్మత పెంచితే అంకెలు మెరుగుపడతాయి, కానీ అడుగుపొర గురించిన మన అజ్ఞానం అలాగే ఉంటుంది.

మరికొందరు యంత్రాభ్యాసం వైపు చూపిస్తారు. వేల సిమ్యులేషన్ల మీద శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ క్షణంలో వర్ణపటాన్ని చెబుతుంది, కావలసిన వర్ణపటం ఇస్తే కణాన్ని వెనక్కి రూపొందిస్తుంది కూడా. 2018లో అమెరికాలోని ఎంఐటీ బృందం పొరలు పొరలుగా ఉన్న గోళాలకు ఇదే చేసి చూపించింది. వేగం విషయంలో దాన్ని తక్కువ చేయను. నక్షత్రాల మధ్య ధూళికణాల కోసం పర్సెల్, పెనీపాకర్ 1973లో కనిపెట్టిన ద్విధ్రువాల పద్ధతితో గంటలు పట్టే పని రెప్పపాటులో అయిపోతే మంచిదే. అయితే ఆ నెట్‌వర్క్‌కు బడి సిమ్యులేషనే. సిమ్యులేషన్‌లో లేని సీటాబ్ పొర గురించి అది ఏమీ నేర్చుకోదు. ప్రయోగ దత్తాంశాలతోనే శిక్షణ ఇద్దామంటే, ఆ దత్తాంశాల్లో ఉపరితలం వివరాలు ఉండాలి కదా? చాలా ప్రయోగ పత్రాల్లో కణం సగటు పొడవు, వెడల్పు ఉంటాయి, అనునాద స్థానం ఉంటుంది. అడుగుపొర మందం, అది ఉపరితలాన్ని ఎంత మేర కప్పింది అన్నవి అరుదు. లేని గడిని ఏ నెట్‌వర్కూ నింపలేదు.

ప్రయోగశాలలో పనిచేసేవాళ్ల అభ్యంతరం ఇంకో దిక్కు నుంచి వస్తుంది. ముందుగా చెప్పడమెందుకు, గ్లిసరాల్ నీళ్లతో ప్రమాణీకరించుకుని ఆ అంకె వాడుకుంటే సరిపోదా అంటారు. గ్లిసరాల్ ప్రమాణీకరణ కొలిచేది మొదటి వంతునే. పైన చెప్పిన రెండు కణాల సున్నితత్వం సమానం. గ్లిసరాల్ వాటి మధ్య ఏ తేడా చూపించదు. ప్రోటీన్ వచ్చాక ఒకటి 4, ఇంకోటి 7 జరుగుతాయి. ఆ తేడాను ప్రోటీన్ పరిమాణంలో తేడాగా చదివితే రోగి రక్తంలో ఉన్నదాని గురించి తప్పు చెప్పినట్టవుతుంది. ప్రమాణీకరణ వద్దనను, సరైన పొడవు స్థాయిలో చెయ్యమంటాను. అలాగే మరో చిన్న సంగతి. బంగారు కడ్డీల అనునాదం పొడవు, వెడల్పుల నిష్పత్తిని బట్టి ఉంటుంది. నీటిలో ఆ నిష్పత్తిని 95తో గుణించి 420 కలిపితే అనునాద తరంగదైర్ఘ్యం వస్తుందని ఎల్-సయ్యద్ బృందం చెప్పిన సూత్రం బాగా వాడుకలో ఉంది. నిష్పత్తిలో 0.1 తేడా వస్తే తొమ్మిదిన్నర నానోమీటర్లు! సూక్ష్మదర్శిని చిత్రాల నుంచి నిష్పత్తిని అంతకంటే మెరుగ్గా తేల్చడం అంత తేలిక కాదు. అందుకే అనునాదం ఎక్కడ ఉంటుందో చెప్పడంలో సిమ్యులేషన్ పది నానోమీటర్లు తప్పితే దాన్ని తిట్టనక్కర్లేదు, సరిపోలితే సంబరపడనూ అక్కర్లేదు. స్థానభ్రంశం తేడా గనక ఈ తప్పు చాలావరకు రద్దయిపోతుంది. రద్దుకానిది ఉపరితలం వంతే.

వక్రీభవన గుణకంతో సంబంధమే లేకుండా అనునాదాన్ని జరిపే కారణాలు కూడా ఉన్నాయి, వాటి గురించి రెండు మాటలు. ఉపరితలానికి అంటుకున్న అణువు లోహం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటే ఎలక్ట్రాన్ సాంద్రత తగ్గుతుంది, అనునాదం ఎరుపు వైపు పోతుంది. ఎలక్ట్రాన్లలో ఒక శాతం పోతే తరంగదైర్ఘ్యం అర శాతం పెరుగుతుంది. 700 దగ్గర అది మూడున్నర నానోమీటర్లు. అడుగుపొర మీది ప్రోటీన్ ఇచ్చే 4కు ఇది దాదాపు సమానం. చిన్న కణానికి ఇది ఉత్త ఊహ కాదు, విద్యుత్ పీడనంతో బంగారు కడ్డీల ఎలక్ట్రాన్ సాంద్రతను మార్చి స్థానభ్రంశాన్ని నేరుగా చూపించిన ప్రయోగాలున్నాయి. వెండికి ఈ బెడద ఇంకా ఎక్కువ; గాలిలోని సల్ఫర్‌తో ఉపరితలం నల్లబడుతూ అనునాదాన్ని దానంతటదే జరుపుతూ ఉంటుంది. రెండు కణాలు దగ్గరైతే కలిసే అనునాదం మరో కథ. 2007లో ప్రశాంత్ జైన్, ఎల్-సయ్యద్ చూపించినట్టు ఆ స్థానభ్రంశం మధ్య సందుకూ కణవ్యాసానికీ ఉన్న నిష్పత్తితో ఘాతీయంగా తగ్గుతుంది, క్షయస్థిరాంకం సుమారు 0.2. సందు అర నానోమీటరు లోపుకు వస్తే ఎలక్ట్రాన్లు సందును దాటడం మొదలై సాంప్రదాయ లెక్కలే చెల్లవు. ఈ క్వాంటం హద్దు గురించి పత్రికల్లో ఉత్సాహం ఎక్కువ. సాధారణ సెన్సర్లో తప్పులకు కారణం అది కాదన్నది నా అభిప్రాయం.

ఏక అణు ప్రయోగాలు ఈ వాదనకు చివరి పరీక్ష. 2012లో లైడెన్‌లో మిషెల్ ఓరి బృందం, మైన్జ్‌లో కార్స్టెన్ సోనిక్సెన్ బృందం ఒక్కొక్క బంగారు కడ్డీ మీద ఒక్కొక్క ప్రోటీన్ అణువు వచ్చి చేరడాన్ని అనునాదంలో మెట్లుమెట్లుగా చూడగలిగాయి. ఆ మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండవు. కడ్డీ కొన దగ్గర క్షేత్రం బలంగా ఉంటుంది, నడుము దగ్గర నీరసంగా ఉంటుంది. అణువు ఎక్కడ దిగిందో దాన్ని బట్టి మెట్టు ఎత్తు. అందుకే లైడెన్‌లో ప్రోటీన్‌ను పట్టుకునే బయోటిన్ గ్రాహకాలను కొనల దగ్గరే ఉంచారు. ఇక్కడ ఒకే అంకెను ముందుగా చెప్పమనడమే అసమంజసం. చెప్పగలిగేది ఒక పంపిణీ: ఇంత ఎత్తు మెట్లు ఇన్ని, అంత ఎత్తు మెట్లు అన్ని. క్షేత్రపు పటం సిమ్యులేషన్ ఇస్తుంది, అణువు ఎక్కడ దిగే అవకాశం ఎంత అన్నది ఉపరితల రసాయనం ఇస్తుంది. రెండూ గుణిస్తేనే అంచనా.

అయితే ఉపరితలాన్ని కొలవడమెలా అన్న ప్రశ్నకు జవాబు ఈ రంగం తొలినాళ్లలోనే ఉంది, దాన్ని తగినంతగా వాడుకోలేదంతే. 2001లో మాలిన్‌స్కీ, వాన్ డైన్ ప్రభృతులు వెండి నానోకణాల మీద ఆల్కేన్ థయాల్ పొరలు వేశారు. ఈ అణువుల గొలుసు పొడవు రసాయన శాస్త్రవేత్త చేతిలో ఉంటుంది. ఒక కార్బన్ పెంచితే పొర మందం నానోమీటరులో ఎనిమిదో వంతు మేర పెరుగుతుంది. కార్బన్ ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా అనునాదం 3 నానోమీటర్ల చొప్పున జరిగింది. ముందుగా అంచనా వేయడం ఈ ప్రయోగంలో ముఖ్యం కాదు. తెలిసిన మందాల నిచ్చెన ఒకటి వేసి, దాని మీద అనునాదం ఎలా ఎక్కుతుందో చూసి, క్షేత్రం తగ్గే తీరును నేరుగా రాబట్టవచ్చు. అదే పద్ధతిలో ఏ కొత్త కణానికైనా కనీసం రెండు, మూడు తెలిసిన మందాల పొరలు వేసి స్థానభ్రంశాలు కొలిస్తే క్షయదూరం, అడుగుపొర మందం రెండూ బయటికొస్తాయి. ఆ రెండు అంకెలు చేతికొచ్చాక జంగ్, క్యాంబెల్‌ల మోటు సూత్రం కూడా ప్రోటీన్ స్థానభ్రంశాన్ని దగ్గరగా చెబుతుంది. రాకపోతే అతి సన్నని గళ్ల సిమ్యులేషన్ కూడా రెండింతలు తప్పవచ్చు. వాన్ డైన్ బృందమే 2002లో త్రికోణాకారపు వెండి కణాలకు బయోటిన్ కట్టి, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ వచ్చి చేరినప్పుడు 27 నానోమీటర్ల స్థానభ్రంశాన్ని చూసింది. ఆ 27ను ఎవరైనా తిరిగి లెక్కగట్టాలనుకుంటే, త్రికోణం కొనల వంపు ఎంతన్నదానికంటే ముందు అడగాల్సింది బయోటిన్ కింద ఉన్న థయాల్ పొర ఎన్ని కార్బన్లదన్నది.